పంపు షిఫ్టు పాలపిట్ట

ఇంకా ఇరవై నాలుగు రోజులు

ఈ పుస్తకం నాది కాదు, మా గని పంపు షిఫ్టు వాళ్లది. ముందు సగం మా ఆయన కొమురెల్లి రాసింది. ఎన్ని గంటలు నీళ్లు తోడారు, ఏ పంపు మొరాయించింది, ఏ వాల్వు కారుతోంది, అన్నీ ఉన్నాయి. పోయిన ఏడు పండుగ అయిన తెల్లారి ఆయన పోయాడు. పంపుల వాళ్లు కొత్త పుస్తకం తెరిచి దీన్ని నా చేతిలో పెట్టారు. సగం ఖాళీగా ఉన్న పుస్తకాన్ని అటకెక్కించడం నా వల్ల కాదు. గుడ్డముక్కయినా కాగితమైనా మిగిలిందంటే నాకు చెయ్యి ఊరుకోదు. అందుకని ఈ ఏటి పండుగ కుట్టుపని ఇందులో రాస్తున్నాను. ప్రతి పేజీ అడుగున 'తర్వాతి షిఫ్టుకు చెప్పవలసినది' అని ఒక గడి అచ్చయి ఉంది. నా తర్వాతి షిఫ్టు ఎవరో నాకు తెలియదు. గడి ఉంది కాబట్టి చెప్పడానికేమైనా ఉన్నప్పుడు నింపుతాను.

ఇవాళ చీటీలు తీశారు. పిల్లలంతా వరసగా నిలబడి పాత పాలక్యానులో చెయ్యి పెట్టి తలా ఒక చీటీ తీసుకున్నారు. ఎండలకు తాళలేక మేం ఈ గనిలోకి దిగకముందు పైన ఏమేం ఉండేవో వాటి పేర్లు ఆ చీటీల్లో ఉంటాయి. లారీ, వాన, ఐసుబండి, జామచెట్టు, పోస్టుమాన్. ఏది వస్తే ఆ వేషం కట్టుకుని పండుగనాడు పైకెక్కాలి. అక్కడ ఎండలో, దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇద్దరు 'అవును, ఇదే' అనాలి. అంటే చీటీ మళ్లీ క్యానులో పడుతుంది. అనకపోతే చించేస్తారు, ఇక ఏ పిల్లా ఆ వేషం కట్టదు. తప్పుడు రూపం చూపించే కంటే అసలు చూపించకపోవడమే నయమని దిగిన కొత్తలో పెద్దలు పెట్టిన కట్టుబాటు. అప్పుడు మూడొందల చీటీలుండేవి. ఇప్పుడు నూటా పన్నెండు ఉన్నాయి. పోయిన ఏడు సర్కసు పోయింది.

సాయంత్రం పక్కింటి సుగుణ కూతురు జాజి వచ్చింది. దానికి ఎనిమిదేళ్లు. తలుపు తట్టే అలవాటు ఇంకా రాలేదు.

"అవ్వా, నాకు పాలపిట్ట అచ్చింది. అదేం చేస్తది?"

"కనవడ్తది," అన్నాను.

"గంతేనా?"

"గంతే. దసరనాడు అది కనవడ్తే సాలు, ఏడాదంత మంచిగుంటదని ఊరంత పొలాల పొంటి తిరిగేటోళ్లు."

పిల్ల మొహం చిన్నబోయింది. లారీ వచ్చిన పిల్లాడు అప్పటికే హారన్ కొట్టుకుంటూ గల్లీ అంతా తిరుగుతున్నాడు, మరి దీనికి కనబడడం ఒక్కటే పని. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెరుకు తోటల దాకా నడిచాడు. పొద్దు వాలుతోంది, పిట్ట జాడ లేదు, ఇక ఇంటికి పోదామనుకున్నాం. అప్పుడు కరెంటు తీగ మీదినుంచి ఒకటి లేచింది. రెక్కలు విప్పేసరికి అంతా నీలం. లేత నీలం ఒక పట్టీ, ముదురు నీలం ఒక పట్టీ. మా నాయిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, నేను భుజాల మీదినుంచి పడబోయాను. ఆ నీలం నాకు ఈ రోజుకీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది.

"ఆ నీలం ఎట్లుంటది అవ్వా?" అని అడిగింది జాజి.

కింద ఉండి చూపించడమెలా? మా గల్లీల్లో ఉన్నవన్నీ పసుపు దీపాలే. వాటి కింద నీలం, మట్టిరంగు, బొగ్గురంగు అన్నీ ఒకటే.

ఇంకా ఇరవై మూడు రోజులు

సాక్ష్యం ఎవరు చెబుతారో కనుక్కున్నాను. పిట్టలు మనకంటే చాలా ముందే వెళ్లిపోయాయి. ఊళ్లో పాలపిట్టను చూసినవాళ్లు ఇద్దరమే మిగిలాం. ఒకదాన్ని నేను. రెండో మనిషి దీపాల గది రాజలింగం. మా ఆయనకు దోస్తు. గనిలోకి పోయే ప్రతివాడికీ దీపం ఇచ్చి సంతకం తీసుకునే పనిలో నలభై ఏళ్లు చేసినవాడు, సంతకం లేనిదే దేవుడికైనా దీపం ఇవ్వడు.

"పాలపిట్టనా? మంచిగ యాదికున్నది వదినా," అన్నాడు. "మట్టిరంగుది. మెడ కింద సన్నపు చారలుంటయ్."

"నీలం," అన్నాను.

"నీలమెక్కడిది? మా కాలనీకి ప్రతి దసరకు ఒకాయన పంజరంల తెస్తుండె. బట్ట తీసి సూపెట్టి, సూసినోళ్లకు దండం పెట్టిచ్చి, పోయేటప్పుడు పోరగాళ్లం మాకు ఓ నీలం ఈక ఇచ్చేటోడు, నెమలిది. జానెడు దూరంల సూసిన్నే. నువ్వు సూసిందేమో ఆడెక్కడ్నో తీగ మీద."

"దూరమైతేంది, నా కండ్లు కండ్లు గావా?"

"తొమ్మిదేండ్ల పిల్లవు. పొద్దుగూకే యాళ. మొగులు రంగు చూసి పిట్ట రంగనుకున్నవేమో."

కోపం వచ్చింది, దాచుకోలేదు. ఆయన కూడా మెత్తబడలేదు. "మట్టిరంగు పిట్ట తెస్తే అవునంట. నీలం పిట్ట తెస్తే అననంటే అనను. నాకెరుకలేంది పిల్లలకు పంచుడు నాతోని గాదు వదినా," అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక మొండివాడే రాజలింగమైతే ఎవరేం చేస్తారు? ఇంటికొచ్చి రెండు రొట్టెలు మాడబెట్టాను.

ఇంకా పందొమ్మిది రోజులు

పిట్ట ఒళ్లు మొదలుపెట్టాను. గాలిగొట్టాల గుడ్డ మంచిది, గట్టిగా ఉంటుంది, మట్టిరంగే. ఫ్యాన్ల దగ్గర పనిచేసే సుగుణ చిరిగిన గొట్టాలను తీసి పెడుతుంది, నేను తెచ్చుకుంటాను. ముక్కుకు బొగ్గు బెల్టు రబ్బరు. దబ్బనం దిగక రెండు వేళ్లు పొడుచుకున్నాను. కళ్లకు మాత్రల రేకులు. కాళ్లకు తొడగడానికి పాత దీపాల వైర్లు. మెడ కింద సన్నపు చారలు, అవి మాత్రం నాకూ గుర్తే. లోపల కూరడానికి గాలి జల్లెడల దూది, నాలుగుసార్లు ఉతికినా బొగ్గువాసన పోలేదు. దారం ఎప్పటిలాగే బెల్టులోంచి లాగిన నైలాన్ పోగు.

కుడుతుంటే పాత వేషాలన్నీ గుర్తొచ్చాయి. బిస్కెట్ డబ్బాలతో లారీ చేసిన ఏడు, దాని వెనకాల పిల్లలంతా వేలాడబోయి డబ్బాలు ఊడిపోయాయి. మామిడిపండు కుట్టిన ఏడు పసుపు దీపం నన్ను మోసం చేసింది, పైకి తీసుకెళ్తే పండు కాస్తా దొండకాయంత పచ్చగా తేలింది. కొమురెల్లి నవ్వి నవ్వి కిందకూర్చున్నాడు. "కాయ అనుకోరాదుండ్రి, మాగుతది," అని పెద్దలకు నచ్చజెప్పి చీటీ నిలబెట్టింది ఆయనే. వాన వేషం మాత్రం నా చేతిలోంచి వచ్చిన వాటిలో మేలైనది. దవాఖానలో పారేసిన సెలైన్ గొట్టాలు రెండొందలు, నెత్తి మీది టోపీ నుంచి కాళ్ల దాకా వేలాడదీశాను. పిల్ల నడుస్తుంటే గలగలమన్నాయి. ఆ రోజు సాక్ష్యం చెప్పాల్సిన ముసలివాళ్లు తలలూపి ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఆ రోజుల్లో కుట్టడానికి కూర్చుంటే సూదికి దారం ఎక్కించి ఇచ్చేది కొమురెల్లి. ఇప్పుడు నేనే ఎక్కించుకుంటున్నాను, పది నిమిషాలు పడుతోంది.

తర్వాతి షిఫ్టుకు: బెల్టు రబ్బరును ముందు వేడినీళ్లలో నానబెట్టండి. వేళ్లు మిగులుతాయి.

ఇంకా పదిహేను రోజులు

నీలం దొరకలేదు. ఊరంతా అడిగాను. వైర్ల తొడుగులు సన్నం, రంగు అద్దడానికి ఏమీ లేదు. నీలం గుడ్డ అంటూ ఉన్నది ఒక్క పంపు షిఫ్టు చల్లంగీలదే. అవి కట్టుకున్నవాళ్ల ఒంటి మీదున్నాయి.

ఒకటి మాత్రం నా పెట్టెలో ఉంది.

పైకెక్కాలంటే చల్లంగి ఉండాలి. అది కుట్టేది కాదు, పోసేది. పోతగదిలో మనిషిని నిలబెట్టి మెడ నుంచి మోకాళ్ల దాకా, చేతుల మీదా పాకంలా పోస్తారు, గంటలో ఆరి గుడ్డవుతుంది. కింద చల్లదనంలో మామూలు అంగిలాగే వేలాడుతుంది. పైన ఎండ తగిలితే పోసిననాటి ఒంటి ఆకారానికి వచ్చి నిలబడి, లోపల గాలి ఆడనిస్తుంది. కొమురెల్లిది పోసిన రోజు కరెంటు పోయింది. చేతులు చాపి నిలబడమన్న మనిషి దీపం కోసం వెళ్లి గంటకు గాని రాలేదు. దించమని ఎవరూ చెప్పలేదని ఈయన చేతులు దించలేదు. అంగి అలాగే ఆరిపోయింది. ఇక అప్పటినుంచి పై పంపు చూడడానికి ఎక్కినప్పుడల్లా ఎండ తగలగానే ఆయన రెండు చేతులూ వాటంతటవే చాచుకునేవి. బలవంతంగా దించితే మళ్లీ లేచేవి. "దిష్టిబొమ్మ కొమురెల్లి" అని షిఫ్టంతా ఏడిపించేది. "నేనందర్ని కావలించుకుంటాన్న, మీకేం నొప్పి?" అనేవాడు.

పోయినవాళ్ల చల్లంగిని ఏడాదిలోగా పోతగదికి ఇచ్చెయ్యాలి. కరిగించి కొత్తవి పోస్తారు. నేనివ్వలేదు. నెలకొకసారి తలుపేసుకుని దాన్ని పొయ్యి పైన కొక్కేనికి తగిలిస్తాను. కాసేపటికి ఛాతీ నిండుతుంది, భుజాలు వస్తాయి, ఎడమ భుజం కుడిదానికంటే కొంచెం కిందికి. తర్వాత చేతులు మెల్లగా చాచుకుంటాయి. పొయ్యి ఆరేదాకా ఆ చేతుల ముందు కూర్చుంటాను. ఇందులో సిగ్గుపడడానికేం లేదు, కానీ ఎవరికీ చెప్పలేదు.

ఇంకా పన్నెండు రోజులు

పోతగది మొగిలి వచ్చాడు. అంగి అడగడానికి ఇదివరకు చాలాసార్లు వచ్చాడు, ఈసారి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, కొమురెల్లి బాపు అంగి ఇయ్యకపోతివి."

"ఇస్త. పారిపోతున్ననా?"

"పండుగ తెల్లారికి ఏడాదైతది. ఇగ నేనాపలేను. పెద్దంగి ఒకటి కరిగిస్తే ఇద్దరు పిల్లలకైతది. గీ జాజి అంగి సూసినవా? మోకాళ్లపైకి అచ్చింది. మోకాలు కాలితె ఎవలు జవాబు చెప్పాలె?"

నాకు ఆ సంగతి తెలియక కాదు. జాజి అంగి కురచ కావడం నేనే కొలిచాను.

"ముక్కలైతే తీసుకుంటరా?" అని అడిగాను, మాటవరసకు అడిగినట్టు.

"కరిగిచ్చేటిదానికి ముక్కలైతేంది. కాని కత్తెర వడ్తే ఆకారం మర్చిపోతది పెద్దమ్మా. మేం రోజు సూస్తం గద, నడుమకు చీరంగనే చచ్చిన గుడ్డే. ఇగ ఏ ఎండకు లేవది."

ఎవరి పని వాళ్లకు తెలుస్తుంది. నమ్మాను. ఛాయ్ తాగి, పండుగ తెల్లారి వస్తానని చెప్పి వెళ్లాడు.

ఇంకా తొమ్మిది రోజులు

లెక్క తేలిపోయింది. ఇచ్చేస్తే కరిగిపోతాడు, కత్తిరిస్తే మరిచిపోతాడు. రెండు దారుల్లోనూ ఆ చేతులు నాకు మిగలవు. ఒక దారిలో మాత్రం పాలపిట్టకు నీలం వస్తుంది.

జాజి కొలతలకు వచ్చింది. ఒళ్లు తొడిగి చూశాను. బాగానే అమరింది, కానీ రెక్కలు లేక కోడిపెట్టలా ఉంది. అది అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. తర్వాత అడిగింది.

"అవ్వా, రాజలింగం తాత కాదంటే నా చీటీ చింపుతరా?"

"చింపుతరు."

"నాతోనే ఆఖరా?"

దీనికంత పెద్ద మాట ఎక్కడిది అనుకున్నాను. పోయిన ఏడు సర్కసు వేషం కట్టిన పిల్లను ఇప్పటికీ బడిలో 'సర్కసును పోగొట్టినామె' అంటారట. జాజి చెప్పేదాకా నాకు తెలియదు. పిల్లను దగ్గరికి తీసుకుని, అట్లా కానివ్వనని మాట ఇచ్చాను. మాట ఇచ్చాక భయం వేసింది.

ఇంకా ఏడు రోజులు

పొద్దున రెండో షిఫ్టు కూత అయ్యాక తలుపేసి పొయ్యి వెలిగించాను. అంగిని ఆఖరుసారి తగిలించాను. ఛాతీ వచ్చింది, వాలిన భుజం వచ్చింది, చేతులు చాచుకున్నాయి. ఈసారి ఎదురుగా కూర్చోలేదు. లేచి ఆ చేతుల మధ్యకు వెళ్లి నిలబడ్డాను. గుడ్డ వెచ్చగా ఉంది. మనిషి వాసన పోయింది, బొగ్గువాసన ఉంది, అది ఊరందరి వాసన. ఏడుపొచ్చింది, ఏడ్చాను. పొయ్యి ఆర్పి, చేతులు పూర్తిగా వాలేదాకా ఆగి కత్తెర తీశాను.

నడుమకు చీరడానికి చెయ్యి రాలేదు. భుజాల జోలికి వెళ్లకుండా, చంకల కిందుగా ఛాతీ మీద అడ్డంగా కోశాను. పై భాగం, ఒక చేతి కొస నుంచి ఇంకో చేతి కొస దాకా ఒకే ముక్కగా వచ్చింది. కింది భాగం మడిచి మొగిలి కోసం పెట్టెలో పెట్టాను. దాంట్లో జాజి అంగి అవుతుంది.

కోసిన ముక్కను పొయ్యి మీద పట్టి చూడలేదు. చచ్చిందని తెలిసి మళ్లీ నాడి పట్టుకోవడమెందుకు?

ఇంకా నాలుగు రోజులు

రెక్కలు కుట్టడం అయింది. ఆరడుగుల మనిషి చేతులు ఎనిమిదేళ్ల పిల్లకు నేల దాకా వచ్చాయి, రెక్కలకు అంత పొడవు కావాల్సిందే. పైవైపు గాలిగొట్టం గుడ్డ ఈకలు వరసలుగా, పై అంచున మాత్రమే కుట్టాను. లోపలివైపు నీలం వదిలాను. రెక్క వాలి ఉంటే మట్టిరంగు, ఎత్తితే నీలం. లోపల రెండు ఉచ్చులు పెట్టాను, పిల్ల వాటిని పట్టుకుని చేతులెత్తాలి. ఎత్తి చూపించింది. దీపం కింద లోపలా బయటా ఒక్కటే రంగు.

"అవ్వా, నీలమెక్కడున్నది?"

"ఎండల ఉంటది బిడ్డా."

పదేళ్లు ఎండలో తిరిగిన అంగి. రంగు వెలిసిందేమో కూడా నాకు తెలియదు. తెల్లదీపం ఊళ్లో రెండే చోట్ల ఉంది. పోతగదికి పట్టుకెళ్తే అక్కడే ఉంచేసుకుంటారు, దవాఖాన ఆపరేషన్ గదికి వెళ్లాలంటే నా పొట్ట కోయించుకోవాలి.

ఇంతలో రాజలింగం వచ్చాడు. కోపం పెట్టుకున్నా పలకరించకుండా ఉండలేడు. జాజిని గుండ్రంగా తిప్పి చూశాడు. మెడ కింద చారలు చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "ఇగో, గిదే వదినా. అచ్చంగ పంజరంల సూసినట్టే ఉన్నది. నీకు యాదికచ్చింది చూడు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు తన చిన్నతనం కనిపించి ఉంటుంది. జాజి నా వైపు చూసింది. నేను దాని రెక్కలు ఒంటికి దగ్గరగా సర్దాను.

ఇంకా ఒక్క రోజు

రాత్రంతా ఆలోచించి ఒక పాడుపని చేశాను, రాసుకుంటున్నాను. జాజిని పిలిచి, రేపు పైన ఉచ్చులు పట్టుకోవద్దని, చేతులు ఎత్తొద్దని చెప్పాను.

"రెక్కలు ఎత్తకపోతే నీలం కనవడదు గద?"

"కనవడకున్నా లోపలుంటది. మనకెరుకే గద."

"కనవడుడే దాని పనంటివి?"

పిల్ల చేత మాట పడ్డాను. అయినా మార్చుకోలేదు. మట్టిరంగు పిట్టకైతే ఇద్దరం అవునంటాం, చీటీ బతుకుతుంది. నీలం చూపిస్తే ఆయన కాదంటాడు, చీటీ చింపుతారు, పిల్ల 'పాలపిట్టను పోగొట్టినామె' అవుతుంది. సగం పిట్టయినా మిగలడం మేలు కదా అనుకున్నాను. కొమురెల్లి ఉంటే ఏమనేవాడో తెలుసు, అందుకే ఆయన రాసిన పేజీల వైపు తిప్పలేదు.

పండుగ

పైకెక్కాం. గని నోటి దగ్గర ఎప్పటిలాగే కళ్లు మండాయి. ఎండ నలభై డిగ్రీల లోపే. చెట్లు లేవు, పాత రైలు పట్టాలు, బొగ్గు కుప్పల మీద ఎండుగడ్డి. ఆకాశం మాత్రం ఎంత ఉందో. ఏటా దాన్ని చూడగానే అందరం తలలెత్తి నిలబడిపోతాం.

ఒక్కో పిల్లనూ మధ్యలో నిలబెట్టారు. లారీకి ముగ్గురు అవునన్నారు. పోస్టుమాన్‌కు అవునన్నారు. ఐసుబండి గంట మోగగానే ఒక ముసలాయన జేబు తడుముకున్నాడు, అందరూ నవ్వారు. తర్వాత జాజి.

పిల్ల వచ్చి నిలబడింది. రెక్కలు ఒంటికి ఆనించుకుని, పిడికిళ్లు బిగించి, నేను చెప్పినట్టే చేతులు దించుకుంది. ఎండలో గాలిగొట్టం గుడ్డ వట్టి మట్టిరంగు. "గిదేం పిట్ట, పెంకు ముక్క తీరుగున్నది," అని ఎవరో పిల్లాడన్నాడు.

చీటీల పెద్ద నన్ను అడిగాడు. "అవును, ఇదే," అన్నాను. ఆ మాట నా నోట్లో మట్టిలా ఉంది. తర్వాత రాజలింగం వైపు తిరిగాడు. ఆయన గొంతు సవరించుకుని అడుగు ముందుకేశాడు.

అప్పుడు పిల్ల ఎడమ భుజం మీద గుడ్డ కదిలింది.

గాలేమో అనుకున్నాను. గాలి లేదు. భుజాలు నిండాయి, ఎడమది కొంచెం కిందికి. జాజి పిడికిళ్లు కిందే ఉన్నాయి, ఉచ్చులు ఖాళీగా ఊగుతున్నాయి. రెక్కలు మాత్రం మెల్లగా, పొయ్యి మీద లేచినట్టే, రెండు వైపులా లేచి చాచుకున్నాయి. లోపలినుంచి నీలం బయటికి వచ్చింది. ఎండ ఎక్కువ తగిలిన ముంజేతుల దగ్గర వెలిసి లేత నీలం, పైన ముదురు నీలం. రెండు పట్టీలు. మా నాయిన భుజాల మీద కూర్చుని చూసిందే.

జాజి తల తిప్పి ఆ రెక్కను, ఈ రెక్కను చూసుకుంది. "అవ్వా, నేనెత్తలే," అంది, ఒట్టు వేసినట్టు.

పంపుల వాళ్లలోంచి ఒకడు గుర్తుపట్టాడు. "కొమురెల్లన్న," అన్నాడు మెల్లగా. ఆ మాట వరస పొడుగునా పోయింది.

రాజలింగం రెక్క దగ్గరికి వెళ్లాడు. నీలాన్ని వేలితో తాకి, రెక్క కొస దాకా నిమిరాడు. కాదంటాడని నాకు తెలుసు. దానికి తగ్గ పనే చేశాను గనక తల వంచుకున్నాను.

"వదినా, పంజరమాయన మాకిచ్చిన ఈకలు," అన్నాడు. "నెమలియి గావు."

నేను తలెత్తాను.

"పంజరం గింతే ఉంటుండె," అని జానెడు చూపించాడు. "రెక్కలు తెర్వరాదు గద దానికి. గందుకే నాకు మట్టిరంగు. జానెడు దూరంల కూసోని సగం పిట్టనే సూసిన ఇన్నేండ్లు." తర్వాత చీటీల పెద్ద వైపు తిరిగి, దీపాల గదిలో పేరు పిలిచే గొంతుతో అన్నాడు. "అవును. ఇదే."

నేను మళ్లీ చెప్పాలన్నాను. మొదటిది లెక్కలోకి రాదన్నాను. ఎందుకో పెద్ద అడగలేదు. రెండోసారి నిజంగా చెప్పాను. అప్పుడు రాజలింగం రెండు చేతులూ ఎత్తి పిట్టకు దండం పెట్టాడు, ఆయన వెనక దాన్ని ఎన్నడూ చూడని వాళ్లంతా పెట్టారు.

పండుగ తెల్లారి

మొగిలి వచ్చాడు. కింది భాగం తీసి ఇచ్చాను. మడత విప్పి చూసి, పుస్తకంలో 'అంగి ఒకటి, చేతులు లేవు' అని రాసుకున్నాడు. వచ్చే వారం జాజికి పోస్తారట.

"మర్చిపోతదంటివి గద?" అని అడిగాను.

"మేం నడుమకు చీరుతం పెద్దమ్మా. నువ్వు భుజాలు ముట్టలే. గట్ల ఎవ్వరు కోసి సూడలే ఇప్పటిదాంక." రెక్కల వైపు చూసి చెవి గోక్కున్నాడు. "అవి మరి అంగి లెక్కలకు రావు. పిట్ట లెక్కలకు వస్తయ్," అని వెళ్లిపోయాడు.

వేషాన్ని చీటీల గదిలో పెట్టాలని అన్నారు, చీటీ వచ్చిన పిల్లకు ప్రతి ఏడూ ఇవ్వడానికి. మొదట నా గుండె ఒప్పుకోలేదు. పెట్టెలో ఉంటే నెలకొకసారి నా ఒక్కదానికి లేచేవి ఆ చేతులు. అక్కడ ఏడాదికి ఒక్కసారే లేస్తాయి, కానీ ఊరంతటికీ లేస్తాయి. ఆయనకు అదే ఇష్టం. పొద్దున నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

తర్వాతి షిఫ్టుకు: పాలపిట్ట వాలి ఉన్నప్పుడు మట్టిరంగు. చూసి తొందరపడి కాదనొద్దు. పిల్లను ఎండలో కాసేపు నిలబెట్టండి, చేతులు ఎత్తమని చెప్పకండి. అవి ఆయన ఎత్తుతాడు.